ఇంటెగ్రాకి టర్బో వేశాక 70 ఎంఎం థ్రాటిల్ బాడీ అవసరమా?

మీ 1998 అక్యూరా ఇంటెగ్రా జీఎస్ఆర్ టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసే పరికరం) ఇచ్చే 10 పీఎస్ఐ బూస్ట్‌తో, అంటే అదనపు గాలి ఒత్తిడితో, రోజూ ఆఫీసుకి తిరిగే కారు. దానికి 70 ఎంఎం థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని అదుపుచేసే ద్వారం), పొట్టి రన్నర్ల మానిఫోల్డ్ (ఆ గాలిని సిలిండర్లకి పంచే గొట్టాలు; ఒక్కో గొట్టం ఒక రన్నర్) వేయాలా అని అడిగారు. వద్దండి. ఇక్కడ డాలస్‌లో అదే కారుకి అవే రెండూ వేసి, ఆరు నెలలకి మళ్ళీ పాతవే బిగించుకున్నాను.

టర్బో వేస్తే గాలి ఎక్కువొస్తుంది, దారి కూడా పెద్దది కావాలి అనుకుని పప్పులో కాలేశాను. గాలి టర్బోలో నలిగి చిక్కబడ్డాకే థ్రాటిల్ దాకా వస్తుంది. దాని బరువు పెరుగుతుంది గానీ ఇంజన్ మింగే ఘనపరిమాణం దాదాపు అంతే. 1.8 లీటర్ల ఇంజన్ 8,000 ఆర్పీఎమ్ దగ్గర సెకనుకి సుమారు 120 లీటర్లు పీలుస్తుంది, బూస్ట్ ఉన్నా లేకున్నా. కంపెనీ ఇచ్చిన 60 ఎంఎం రంధ్రంలో ఆ గాలి వేగం సెకనుకి 42 మీటర్లు, 70 ఎంఎంలో 31. మీ బూస్ట్ దగ్గర లెక్కేస్తే పెద్ద రంధ్రం వల్ల కలిసొచ్చే ఒత్తిడి 0.1 పీఎస్ఐ చుట్టుపక్కల. మధ్యలో బటర్‌ఫ్లై (థ్రాటిల్‌ని తెరిచి మూసే పలక) పెట్టే అడ్డుకి ఇంకో అంత కలుపుకున్నా పావు పీఎస్ఐ దాటదు. నా వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని అదుపుచేసే వాల్వ్) వల్ల బూస్ట్ అటూ ఇటూ ఊగేదే అంతకన్నా ఎక్కువ!

పోయేది మాత్రం కనిపిస్తుంది. పెద్ద బటర్‌ఫ్లై రవ్వంత తెరిస్తే చాలు, గాలి బోలెడు లోపలికి పోతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నా కారు కుందేలులా గెంతేది.

మానిఫోల్డ్ విషయంలో ఇంకా బాధపడ్డాను. జీఎస్ఆర్‌కి ఒక్కో సిలిండర్‌కి రెండేసి రన్నర్లు. తక్కువ ఆర్పీఎమ్‌లో పొడుగువి పనిచేస్తాయి, ఆరు వేలకి కాస్త ముందు పొట్టివి కూడా తెరుచుకుంటాయి. ఆ పొడుగు రన్నర్ల వల్లే తక్కువ ఆర్పీఎమ్‌లో ఇంజన్‌కి ఊపిరి అంది టర్బో త్వరగా స్పూల్ అవుతుంది, అంటే వేగం అందుకుంటుంది. అది తీసేసరికి నాకు పూర్తి బూస్ట్ 400 ఆర్పీఎమ్ ఆలస్యమైంది. ఏడు వేల పైన లాగుడు పెరిగిన మాట నిజమే. ఆఫీసుకి వెళ్ళే దారిలో ఏడు వేలు ఎన్నిసార్లు దాటిస్తాం చెప్పండి? క్యామ్‌లు (ఇంజన్ వాల్వులని తెరిచే భాగాలు) మార్చి, డ్రాగ్ స్ట్రిప్‌లో తొమ్మిది వేలు తిప్పేవాళ్ళ సంగతి వేరు.

ఇక ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) గొడవ. సిగ్నల్ దగ్గర ఆర్పీఎమ్ సూది 800, 1,500 మధ్య ఊయలూగేది. ట్యూనింగ్‌లో లోపమనుకుని రెండు శనివారాలు తగలేశాను. చివరికి పీవీసీ మూతకి టైర్ వాల్వ్ బిగించి, దాన్ని టర్బో మూతికి తొడిగి, కంప్రెసర్‌తో 10 పీఎస్ఐ పట్టించాను. సబ్బునీళ్ళు చల్లుతుంటే మా ఆవిడ వచ్చి, "కారు కడగడానికి గరాజే దొరికిందా?" అంది. పంక్చర్ షాపువాడు ట్యూబ్‌ని తొట్టిలో ముంచి చూసినట్టే వెతికాను. కొత్త థ్రాటిల్ బాడీ షాఫ్ట్ చివర సీల్ దగ్గర సన్నగా బుస్సుమంటూ బుడగలు. బూస్ట్‌లో గాలి అక్కడినుంచే పోతోంది, ఐడిల్‌లో అక్కడినుంచే లోపలికి వస్తోంది.

కాబట్టి ఆ డబ్బు అలాగే ఉంచి, ముందు ఈ వారాంతం ఆ లీక్ టెస్ట్ చేసుకోండి. పీడనం మీ బూస్ట్‌ని మించనివ్వొద్దు. వాల్వ్ కవర్ నుంచి ఇంటేక్‌కి వచ్చే బ్రీదర్ గొట్టం ఊడదీసి, ఇంటేక్ వైపు రంధ్రం మూసేయండి. లేకపోతే ఆ గాలి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ కింది భాగంలోకి) దూరి ఆయిల్ సీళ్ళని తోసేస్తుంది.