చిన్న కంపెనీ యూనివర్సిటీతో కలిసి పనిచేస్తే స్టాఫ్‌కి నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

యూనివర్సిటీ వాళ్లు రిపోర్టు చేతిలో పెట్టి వెళ్ళిపోతారేమో అన్న మీ అనుమానం సబబే. అలా ముగిసే ప్రాజెక్టులు చాలానే ఉంటాయి. వాళ్ల మనిషి మీ దగ్గరే ఉండి, మీ వాళ్లతో కలిసి పనిచేసేలా ఉంటేనే ఒప్పుకోండి.

నేను పనిచేసిన చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో అచ్చు నుంచి తీసిన భాగాలు చల్లారాక వంకరపోయేవి. మా ఆపరేటర్లు ఒకసారికి ఒక సెట్టింగే మార్చి చూసేవాళ్లు. యూనివర్సిటీ నుంచి వచ్చిన పీజీ కుర్రాడు అచ్చు ఉష్ణోగ్రత, హోల్డింగ్ ప్రెషర్ (ప్లాస్టిక్ నింపాక అచ్చులో పట్టి ఉంచే ఒత్తిడి), కూలింగ్ టైమ్, ఈ మూడింటినీ ఒక పట్టిక ప్రకారం కలిపి మారుస్తూ ట్రయల్స్ వేయించాడు. డిజైన్ ఆఫ్ ఎక్స్‌పరిమెంట్స్ అంటారు దీన్ని. ఒక సెట్టింగ్ ప్రభావం ఇంకోదాన్ని బట్టి మారుతుందని అప్పుడు గానీ మాకు తెలియలేదు.

వంకర తగ్గింది, సరే. అతను వెళ్ళిపోయాక కొత్త అచ్చు వచ్చినప్పుడు మా సీనియర్ ఆపరేటరే పట్టిక గీసుకుని ట్రయల్ వేశారు. నా దృష్టిలో అదీ అసలు లాభం. మా ఓనర్ ఆయన్ని రోజూ కొంతసేపు ప్రొడక్షన్ నుంచి తప్పించి ఆ కుర్రాడి పక్కన కూర్చోబెట్టడం వల్లే అది కుదిరింది. షిఫ్ట్ అయ్యాక నేర్చుకోమంటే ఎవరికి ఓపిక ఉంటుంది? మొదట్లో ‘మన తప్పులు పట్టడానికొచ్చాడు’ అనే గుసగుసలూ నడిచాయి. మెషీన్ ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి పీసులు ఎందుకు చెడిపోతాయని అతనే ఆపరేటర్లను అడిగి రాసుకోవడం మొదలుపెట్టాక ఆ టెన్షన్ పోయింది.

బ్రిటన్‌లో ఇదే పద్ధతికి ప్రభుత్వ పథకమే ఉంది. 1975లో టీచింగ్ కంపెనీ స్కీమ్‌గా మొదలైంది, 2003 నుంచి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పార్ట్‌నర్‌షిప్స్ అంటున్నారు. గ్రాడ్యుయేట్ మామూలుగా 12 నుంచి 36 నెలలు కంపెనీలో పనిచేస్తారు, ప్రొఫెసర్ దారి చూపిస్తారు, ఖర్చులో కొంత గ్రాంటుగా వస్తుంది.

సంతకం పెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. పరీక్షలు, సెలవుల్లో పని ఎవరు చూస్తారు? వాళ్లకి పేపర్ పబ్లిష్ చేయడం ముఖ్యం, మీకు గుట్టు ముఖ్యం. అందుకే పబ్లిష్ చేసేముందు డ్రాఫ్ట్ మీకు చూపించాలని, కస్టమర్ డ్రాయింగులు బయటికి వెళ్ళకూడదని, కొత్తగా కనిపెట్టిన దాని మీద హక్కు ఎవరిదో ఒప్పందంలోనే రాయించండి.