డిస్క్ 100 శాతం చూపుతోంటే ఏం చేయాలి?

ప్రశ్న: ఆరేళ్ల కిందటి డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడుతున్నాను. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నాయి. కొన్ని నెలలుగా ఆన్ చేసినప్పటి నుంచి డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతోంది. చిన్న ఫైలు తెరుచుకోవడానికి కూడా చాలాసేపు పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని కనిపిస్తోంది. సిస్‌మెయిన్ (తరచూ వాడే ప్రోగ్రాములను ముందే మెమరీలోకి తెచ్చేది), సెర్చ్ సర్వీసులను ఆపేయమని కొందరు, ఫార్మాట్ చేయమని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రస్తుతానికి ఆ రెండూ చేయకండి. డిస్కు చేత అంత పని చేయిస్తున్నది ఏ ప్రోగ్రామో తెలియకుండా సర్వీసులను ఆపుకుంటూ పోతే అసలు కారణం మరుగున పడుతుంది. డిస్కే చెడిపోతూ ఉంటే ఫార్మాట్ వల్ల మేలు జరగకపోగా మీ ఫైళ్లు పోతాయి.

ముందుగా ఆ 100 శాతాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. అది డిస్క్ వేగాన్ని కాదు, డిస్క్ ఖాళీ లేకుండా గడిపిన సమయాన్ని చెప్పే అంకె. మీ డిస్కులో డేటా ఉండే గుండ్రటి పళ్లెం సగం చుట్టు తిరగడానికే సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. దాన్ని చదివే హెడ్ సరైన చోటికి జరగడానికి పట్టే సమయం దానికి అదనం. అందువల్ల ఒక పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు సెకనుకు 100 ఎంబీకి పైగా ఇవ్వగలిగిన డిస్కే, అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉన్న చిన్న ముక్కలను అడిగితే సెకనుకు 1 ఎంబీ కూడా ఇవ్వలేకపోవచ్చు.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో మీ డిస్కును ఎంచుకోండి. అక్కడ చదివే వేగం, రాసే వేగంతోపాటు సగటు స్పందన సమయం కూడా ఉంటుంది. తరువాత విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్‌లోని డిస్క్ విభాగంలో ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును చదువుతోందో, దేనిలో రాస్తోందో చూడండి. ఆ జాబితాను కొన్ని నిమిషాలు ఓపికగా గమనిస్తే సగం సమస్య తేలిపోతుంది.

మీరు చెప్పిన వివరాలను బట్టి నేను మొదట అనుమానించేది ర్యామ్‌నే. 4 జీబీలో విండోస్, యాంటీవైరస్, నాలుగైదు ట్యాబులతో బ్రౌజర్ ఇమడవు. చోటు చాలనప్పుడు విండోస్ మెమరీలోని కొంత భాగాన్ని డిస్కు మీది పేజ్‌ఫైల్‌లోకి తరలిస్తూ, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటూ ఉంటుంది. జాబితాలో పేజ్‌ఫైల్ పేరు పైవరుసల్లో కనిపిస్తూ, రిసోర్స్ మానిటర్ మెమరీ విభాగంలో హార్డ్ ఫాల్ట్స్ (కావలసింది మెమరీలో లేక డిస్కు నుంచి తెచ్చుకోవలసి రావడం) గీత ఎడతెగకుండా పైకి లేస్తుంటే కారణం ఇదే. మదర్‌బోర్డ్ అనుమతించే రకం చూసుకుని ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే తేడా ఆ రోజే తెలుస్తుంది.

సెర్చ్ ఇండెక్సర్ (వెతకడం కోసం ఫైళ్ల జాబితా తయారుచేసేది), విండోస్ అప్‌డేట్, డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) స్కాన్ కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు. స్లీప్‌లోకి పోకుండా కంప్యూటర్‌ను ఒక రాత్రి ఆన్‌లో ఉంచితే సాధారణంగా అవి తమ పని ముగించుకుంటాయి. సిస్‌మెయిన్‌ను పరీక్ష కోసం ఆపి చూడవచ్చు గానీ డిఫెండర్‌ను ఆపవద్దు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన పరిస్థితి మరొకటి ఉంది. బదిలీ వేగం దాదాపు సున్నా ఉండి, స్పందన సమయం వందల మిల్లీసెకన్లు లేదా సెకన్లు దాటుతూ, తెర మధ్యమధ్య బిగుసుకుపోతుంటే డిస్కు దెబ్బతిన్న సెక్టార్లను (డేటా ఉండే చిన్న గడులను) మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ ఉండవచ్చు. విండోస్ నమోదు చేసిన లోపాలను చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో డిస్క్ పేరుతో 7 లేదా 153 సంఖ్య గల నమోదులు ఉన్నాయేమో చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునేవి) చూసినప్పుడు రీఅలొకేటెడ్ (చెడిపోయి బదులు చోటు కేటాయించిన), కరెంట్ పెండింగ్ (ఇంకా అనుమానంలో ఉన్న) సెక్టార్ల సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కును ఇక నమ్మకండి. సీఆర్‌సీ ఎర్రర్ (డేటా బదిలీలో వచ్చే తప్పుల) సంఖ్య ఒక్కటే పెరుగుతుంటే డిస్కును మదర్‌బోర్డ్‌కు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి; పాత సంఖ్య తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

డిస్కు మీద అనుమానం కలిగితే మొట్టమొదట ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. దయచేసి అంతకుముందు చెక్‌డిస్క్ (డిస్కులో లోపాలు వెతికే విండోస్ ప్రోగ్రామ్) పూర్తి తనిఖీ నడపకండి. అది డిస్కు ఉపరితలం మొత్తాన్ని చదువుతుంది కాబట్టి, కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ శ్రమకే పూర్తిగా ఆగిపోవచ్చు.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, నేరుగా ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డిస్కు) వేసుకుంటే సరిపోదా? దాన్ని కూడా డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) చేయాలా?
– మరో పాఠకుడు

జవాబు: కదిలే భాగాలు లేనందువల్ల ఎస్‌ఎస్‌డీ చెదిరిన చిన్న ముక్కలను కూడా సెకనుకు వేల సంఖ్యలో అందించగలదు కాబట్టి పాత కంప్యూటర్‌కు అది మంచి మార్పే. అయితే ర్యామ్ కొరత అలాగే ఉంటుంది, వేగం వల్ల తక్కువగా కనిపిస్తుందంతే. ఎస్‌ఎస్‌డీని మీరు డీఫ్రాగ్ చేయనక్కరలేదు. అవసరమైన ట్రిమ్ పనిని (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పడం) విండోస్ తానే చూసుకుంటుంది. పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటేనే దాన్ని యథాతథంగా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (మొత్తం నకలు) చేయండి. లేకపోతే ఎస్‌ఎస్‌డీలో విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, ఫైళ్లను మాత్రమే తెచ్చుకోండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, మీ కంప్యూటర్ విండోస్ 11కు అర్హమైనదో కాదో కూడా అప్పుడే పరీక్షించుకోండి.