2011 నాటి ‘కేమెలాట్’ ధారావాహికతో ఆర్థర్ రాజు కథ మొదలుపెట్టవచ్చా?

బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు కథ బొత్తిగా తెలియని వారు టీవీ ధారావాహిక ‘కేమెలాట్’తో మొదలుపెట్టవచ్చా అని మీరు అడిగారు. పది భాగాలూ ఓపికగా చూసినవాడిగా, వద్దనే చెబుతాను.

డిగ్రీలో మాకు ఆంగ్లకవి టెన్నిసన్ రాసిన ఆర్థర్ మరణఘట్టం పాఠ్యాంశంగా ఉండేది. కొన ఊపిరితో ఉన్న రాజు తన ఖడ్గాన్ని సరస్సులో విసిరి రమ్మంటే, పిడిలోని రత్నాలను చూసి మనసొప్పని అతని వీరుడు బెడివీర్ దానిని దాచివచ్చి రెండుసార్లు బొంకుతాడు. మూడోసారి నిజంగానే విసిరినప్పుడు నీటిలోంచి ఒక చేయి లేచి దానిని అందుకుంటుంది. ఆ చేయి ఎవరిదో తెలుసుకోవాలన్న తహతహతోనే ఆర్థర్ గాథలను ఇంగ్లీషులో కూర్చిన మాలరీ గ్రంథాన్ని, 1485లో అచ్చయినదాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఈ ధారావాహిక ముందు కూర్చున్నదీ అదే ఆశతో.

కథను మార్చారన్నది నా ఫిర్యాదు కాదు. వ్యాస భారతంలో లేని శశిరేఖా పరిణయాన్ని ముచ్చటపడి చూసే మనం ఆ మాట అనకూడదు కూడా. పైగా ఆర్థర్ కథ పెరిగిందే మార్పులతో: 12వ శతాబ్దంలో జెఫ్రీ అనే రచయిత రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో ఆర్థర్ వీరుల్లో ప్రసిద్ధుడైన లాన్సెలాట్ అన్నవాడే లేడు, ఆర్థర్ రాణి గ్వినెవీర్ ప్రియుడిగా అతనిని నిలబెట్టింది అదే శతాబ్దపు ఫ్రెంచి కవి క్రెతియెన్. మార్చిన తర్వాత ఆ మార్పుకు తగిన ఫలితాన్ని కథలో చూపలేకపోవడమే ఇక్కడి లోపం.

మాలరీలో ఆర్థర్ తన అన్నలాంటి ‘కే’ అనేవాడి కోసం కత్తి వెతుకుతూ వెళ్లి, అది రాజ్యాన్ని నిర్ణయించే ఖడ్గమని తెలియకుండానే రాతిలోంచి లాగేస్తాడు. ఆ తెలియకపోవడంలోనే అందమంతా ఉంది. ఇక్కడ ఖడ్గాన్ని జలపాతం అంచున గుచ్చి, అతనిచేత పైకి పాకించారు. అది సాహసకృత్యంగా మిగిలిందే తప్ప, విధి ఎంచుకున్న అమాయకుడు కనిపించలేదు.

నన్ను ఎక్కువగా బాధించింది గ్వినెవీర్ కథ. ఇందులో ఆమె ఆర్థర్ నమ్మిన బంటు లియోంటెస్‌కు నిశ్చయమైన పెళ్లికూతురు. పెళ్లినాటి ఉదయమే ఆమె ఆర్థర్‌తో గడిపి, ఆ తర్వాత లియోంటెస్‌ను పెళ్లాడుతుంది. అంటే పాత కథలో మోసపోయిన రాజు ఇక్కడ మోసగించినవాడయ్యాడు. తండ్రి ఊథర్ మాంత్రికుడు మెర్లిన్ మాయతో వేషం మార్చుకొని పరాయివాని భార్య ఇగ్రెయిన్‌ను చేరిన పాపమే కొడుకులో మళ్లీ తలెత్తినట్టు దీనిని నడిపి ఉంటే, మాలరీకి తట్టని గొప్ప విషాదం చేతికి అందేది. రచయితలు ఆ దారి తొక్కకుండా ఓరచూపులతోనూ నిట్టూర్పులతోనూ భాగాలు నింపి, చివరి భాగపు యుద్ధంలో లియోంటెస్‌ను చంపి, రాజు తీర్చవలసిన లెక్కను మరణంతో కొట్టివేశారు.

అయితే నాలుగో భాగానికి మాత్రం నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఖడ్గం కోసం మెర్లిన్ కమ్మరిని కోపంలో చంపుతాడు. ఎక్స్‌కాలిబర్ అనే పేరుగల కమ్మరి కూతురు ఆ ఖడ్గంతో సరస్సు మీదికి పారిపోయి, మెర్లిన్ గడ్డకట్టించిన నీటిలో మునిగిపోతుంది. పైకి మిగిలిన చేతిలోంచి అతడు కత్తిని తీసుకొని, సరస్సులోని దేవత ఇచ్చిందని ఆర్థర్‌కు కథ అల్లి చెబుతాడు. డిగ్రీలో నన్ను వెంటాడిన చేతికి ఇంత దారుణమైన, ఇంత నమ్మదగిన జవాబు దొరుకుతుందని నేను అనుకోలేదు. ఈ ఒక్క మార్పు మెర్లిన్‌ను నిజంగా మార్చింది. ఆర్థర్ సవతి అక్క మోర్గాన్‌గా ఎవా గ్రీన్ నటన కూడా ప్రతి భాగాన్నీ కొంతైనా నిలబెడుతుంది.

ఇంకొక సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. మోర్గాన్ గ్వినెవీర్ రూపంలో ఆర్థర్‌ను చేరడంతో, అంటే అసలు కథ రాజుకోవలసిన చోటనే, ఇది ముగుస్తుంది. రెండో సీజన్ తీయలేదు. మీకు తెరమీదనే కావాలంటే 2008 నుంచి 2012 వరకు వచ్చిన బీబీసీ ‘మెర్లిన్’ చూడండి. అందులో మెర్లిన్‌ను ఆర్థర్ ఈడువాడిగా, అతని సేవకుడిగా మార్చారు. ఇంతకన్నా పెద్ద మార్పే, కానీ దానిని చివరి భాగం దాకా మోశారు. ‘కేమెలాట్’లో నాలుగో భాగాన్ని ఆ తర్వాత విడిగా చూసినా మీకు నష్టం లేదు.