జలాంతర్గామి కెప్టెన్‌ని రాసేటప్పుడు

అమ్మాయీ,

నీ నవల మొదటి అధ్యాయాలు చదివాను. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ ఘాజీ లాంటి జలాంతర్గామిని ఎంచుకున్నావు, బాగుంది. కానీ నీ కెప్టెన్ ఊరికే అరుస్తున్నాడు. లెక్క వేయడం ఎక్కడా కనబడదు. యుద్ధమంతా ఆ లెక్కలోనే ఉంది.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఎక్కి ఆ ఇరుకు చూడు. దాని యంత్రాలను మాత్రం నీ కథలోకి ఎత్తుకురాకు. అది సోవియట్ పడవ: మూడు డీజిళ్లు, మూడు ప్రొపెల్లర్లు. ఘాజీ అమెరికా కట్టినది: నాలుగు డీజిళ్లు, రెండు ప్రొపెల్లర్లు. ఈ తేడా తెలిసినవాళ్లు విశాఖలో చాలామంది.

ఇక దాడి. పెరిస్కోప్ నీటిపైన ఉండేది కొన్ని సెకన్లే. ఆ కాస్తలో కెప్టెన్ శత్రు ఓడ ఏ దిక్కున ఉందో, ఎంత దూరమో, ముక్కు ఎటు తిప్పి ఉందో చెప్పాలి. దూరాన్ని ఓడ స్తంభం ఎత్తును బట్టి కడతారు. ఎత్తు తప్పుగా అనుకుంటే దూరమూ తప్పుతుంది. 46 నాట్ల (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్ల వేగం) టార్పెడోకి 1,500 మీటర్లు దాటడానికి 63 సెకన్లు పడుతుంది. అడ్డంగా పోతున్న ఓడ వేగాన్ని రెండు నాట్లు తప్పుగా అంచనా వేశావా, గురి 65 మీటర్లు పక్కకి పోతుంది. వంద మీటర్ల ఓడ నడుముకి గురిపెట్టినా తగలదు. అందుకే టార్పెడోలని ఒకదాని వెనక ఒకటిగా, కాస్త ఎడంగా వదులుతారు. ఒక్కోటీ దాదాపు టన్నున్నర. అంత బరువు పోగానే ఆ మేరకు నీళ్లు లోపలికి తీసుకోకపోతే ముక్కు తేలిపోయి శత్రువు కంటపడుతుంది.

1943లో అమెరికా జలాంతర్గామి వాహూ కెప్టెన్ మోర్టన్ పెరిస్కోప్‌ని తన తరువాతి స్థానంలోని అధికారి ఒకేన్‌కి అప్పగించి, తాను మొత్తం పరిస్థితిని ఆలోచించేవాడు. నాయకత్వాన్ని ఇలాంటి ఏర్పాటులో చూపించు, గొంతులో కాదు. జలాంతర్గామిలో ప్రతి ఆజ్ఞనూ అందుకున్నవాడు తిరిగి పలకాలి. నీ సంభాషణలకి ఆ లయ రావాలి.

ఆయుధం మొరాయించడం కూడా కథే. అమెరికా మార్క్ 14 టార్పెడో పెట్టిన లోతు కంటే దాదాపు మూడు మీటర్లు కిందికి పోయేది. నిటారుగా తగిలితే లోపలి సూది వంగి పేలేది కాదు. 1943 జూలైలో అమెరికా జలాంతర్గామి టినోసా ఒకే జపాన్ ఓడ మీద 15 టార్పెడోలు వదిలింది. చాలావరకు పేలలేదు. ఎదురుగా ఓడ కదలకుండా ఉన్నా కెప్టెన్ ఆఖరిదాన్ని పరీక్షకి పట్టుకుపోయాడు. నా దృష్టిలో ఇరవై పేలుళ్ల కంటే గొప్ప ఘట్టం అది.

దాడి తరువాత శత్రువు నీ జలాంతర్గామిని వేటాడడం మొదలెడతాడు. చప్పుడు రాకుండా ఫ్యాన్లు, ఏసీ, హైడ్రాలిక్ పంపులు ఆపేస్తారు. చుక్కాని చేత్తో తిప్పాలి. చెమట, బరువెక్కే ఊపిరి. బ్యాటరీ రెండు నాట్ల వేగానికి 48 గంటలు వస్తుంది, పూర్తి వేగానికి సుమారు గంట. పారిపోవాలా, నక్కి ఉండాలా? ఆ బ్యాటరీయే తేలుస్తుంది.

మూడో అధ్యాయం తిరగరాసేటప్పుడు పేజీ అంచున సమయం, లోతు, వేగం, మిగిలిన బ్యాటరీ, మిగిలిన టార్పెడోలు రాసుకో. నవలలోకి అన్నీ రానక్కర్లేదు. అది పూర్తయ్యాక ఆ అంచు లెక్కలతో సహా నాకు పంపించు.

ఆశీస్సులతో