కమ్యూనిటీ కాలేజీలో చేర్పించి తర్వాత యూసీకి పంపొచ్చా? పంపొచ్చు, కాలేజీని మాత్రం చూసి ఎంచుకోండి

మీ అబ్బాయికి వేరే రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీలో మెకానికల్‌లో సీటొచ్చిందనీ, లోన్ తీసుకోకుండా ఆ ఫీజు కట్టలేమనీ, మే 1 లోపు డిపాజిట్ కట్టాలనీ రాశారు. శాన్ హోసేలోనే కమ్యూనిటీ కాలేజీలో (మొదటి రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివే ప్రభుత్వ కాలేజీలో) చేర్పిస్తే చుట్టాలు "వీడికి ఎక్కడా సీటు రాలేదేమో" అనుకుంటారని బాధపడుతున్నారు కూడా. నేనైతే చేర్పించమనే అంటానండీ. తొమ్మిదో తరగతిలో గుంటూరు నుంచి ఇక్కడికొచ్చి, హైస్కూల్ అయ్యాక కూపర్టినోలో డీ ఆంజా కాలేజీలో చదివి, అక్కణ్ణుంచి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్ క్యాంపస్‌కి మెకానికల్‌కే ట్రాన్స్‌ఫర్ అయ్యాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. నా పట్టా మీద యూసీ డేవిస్ అనే ఉంది, మొదటి రెండేళ్లు ఎక్కడ చదివానో దాని మీద ఉండదు.

మే 1 టెన్షన్ ముందు పక్కన పెట్టండి. ఆ తేదీ నాలుగేళ్ల యూనివర్సిటీలకి. కమ్యూనిటీ కాలేజీకి అప్లికేషన్ ఉచితం, ఎవరినైనా తీసుకుంటారు, డీ ఆంజాలో ఫాల్ క్లాసులు సెప్టెంబరు చివర్లో మొదలవుతాయి. అంటే ఈ ఒక్క తేదీకి భయపడి డిపాజిట్ కట్టేయాల్సిన అవసరం లేదు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. కాలిఫోర్నియా రెసిడెంట్లకి కమ్యూనిటీ కాలేజీ ఫీజు సెమిస్టర్ యూనిట్‌కి (యూనిట్ అంటే క్రెడిట్) 46 డాలర్లు, సెమిస్టర్ల బదులు ఇంకా చిన్న క్వార్టర్లుగా నడిచే డీ ఆంజా లాంటి కాలేజీల్లో యూనిట్‌కి 31 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన 60 సెమిస్టర్ యూనిట్లకి లెక్కేస్తే 2,760 డాలర్లు. పుస్తకాలు, చిన్నాచితకా ఫీజులు అదనం. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్ టైమ్ చదివేవాళ్లకి చాలా కాలేజీలు ప్రామిస్ పథకం కింద రెండేళ్లు ఈ ఫీజు కూడా మాఫీ చేస్తాయి, తప్పకుండా అడగండి. అదే యూసీలో హాస్టల్లో ఉండి చదివితే ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది.

ఇప్పుడు ఏ కాలేజీ అన్నది. చాలామంది ఇంటికి దగ్గరగా ఉందనో, పక్కింటి పిల్లలు వెళ్తున్నారనో చేర్పించేస్తారు. మీ దగ్గర డీ ఆంజా, ఫుట్‌హిల్, మిషన్, వెస్ట్ వ్యాలీ, ఎవర్‌గ్రీన్ వ్యాలీ, శాన్ హోసే సిటీ, ఫ్రీమాంట్ వైపు వెళ్తే ఓలోన్ ఉన్నాయి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి. ఏ కాలేజీ నుంచి, ఏ యూనివర్సిటీకి, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) అని ఎంచుకుంటే ఒక పేజీ వస్తుంది. ఎడమ పక్కన యూనివర్సిటీ అడిగే కోర్సులు, కుడి పక్కన వాటికి సరిపోయే కమ్యూనిటీ కాలేజీ కోర్సులు. కుడి పక్కన ఎక్కడైనా "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని కనబడిందంటే ఆ కోర్సుకి సరిపడేది ఆ కాలేజీలో లేదన్నమాట. మెకానికల్‌కి లెక్కలు, ఫిజిక్స్ ఎక్కడైనా దొరుకుతాయి, చిక్కంతా స్టాటిక్స్, మెటీరియల్స్, ప్రోగ్రామింగ్ లాంటి వాటితోనే. ఒకే మేజర్‌కి డేవిస్ ఒకటి అడిగితే అర్వైన్ ఇంకొకటి అడుగుతుంది కాబట్టి, అబ్బాయికి నచ్చిన మూడు నాలుగు యూనివర్సిటీలకి విడివిడిగా పేజీలు తీసి ప్రింట్ చేసుకోండి. తర్వాత ఆ కాలేజీ పోయిన ఏడాది టైమ్‌టేబుల్ కూడా చూడండి, ఎందుకంటే కాలేజీ కోర్సుల జాబితాలో కోర్సు ఉన్నా ఏడాదికి ఒక్కసారే పెడితే, ఆ ఒక్కసారి సీటు దొరక్కపోతే ఇంకో ఏడాది ఆగాల్సొస్తుంది.

ఇంకోటి, క్వార్టర్ కాలేజీయా సెమిస్టర్ కాలేజీయా అన్నది. డీ ఆంజా, ఫుట్‌హిల్ రెండూ ఒకే డిస్ట్రిక్ట్‌లోవి, రెండూ క్వార్టర్. మిగతావి సెమిస్టర్. క్వార్టర్‌లో పరుగు ఎక్కువ, క్లాసులు మొదలైన మూడు నాలుగు వారాలకే మిడ్‌టర్మ్ వచ్చి కూర్చుంటుంది. కానీ బర్క్‌లీ, మెర్సెడ్ తప్ప యూసీలన్నీ కూడా క్వార్టర్లే, అందుకని డేవిస్‌కి వెళ్లాక ఆ వేగం నాకు కొత్తగా అనిపించలేదు. ఏది ఎంచుకున్నా సిరీస్ కోర్సుల్ని మధ్యలో వదిలి కాలేజీ మారనివ్వకండి. డీ ఆంజాలో కాల్క్యులస్ మ్యాథ్ 1ఏ నుంచి 1డీ దాకా నాలుగు ముక్కలు, సెమిస్టర్ కాలేజీలో మూడు. నా స్నేహితుడొకడు రెండు ముక్కలు ఒక చోట చదివి మిగతాది ఇంకో చోట పూర్తి చేయబోతే సిలబస్ కలవక, చదివిందే మళ్లీ చదవాల్సొచ్చింది.

ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) గురించి తెలుసుకోండి. కమ్యూనిటీ కాలేజీ నుంచి వెళ్లేవాళ్లకి డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరు యూసీలు, అడిగిన కోర్సులు, మార్కులు ఉంటే సీటు గ్యారంటీ ఇస్తాయి. ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకి ట్యాగ్ లేదు, వాటికి మామూలుగా పోటీ పడాలి. అన్ని మేజర్లకీ ట్యాగ్ ఉండదు, శాంటా బార్బరా ఇంజనీరింగ్‌కి లేదు. ట్యాగ్ ఫారం సెప్టెంబరు 1 నుంచి 30 లోపు పెట్టాలి, అది పెట్టినా అసలు యూసీ అప్లికేషన్ వేరేగా నింపాల్సిందే. ఆ తర్వాత జనవరిలో ఫాల్ గ్రేడులు అప్‌డేట్ చేయమంటారు, అప్లికేషన్ పంపేశాం కదా అని ఊరుకుంటే సీటుకే ఎసరొస్తుంది.

ఇంజనీరింగ్ పిల్లలు హిస్టరీ, ఆర్ట్ లాంటి జనరల్ కోర్సులు ముందే పూర్తి చేసేద్దాం అనుకోకూడదు. మేజర్ కోర్సులే ముందు. మొదటి క్వార్టర్ నుంచే లెక్కలు మొదలవ్వాలి, ఎందుకంటే కాల్క్యులస్ లేకుండా ఫిజిక్స్ తీసుకోనివ్వరు, ఫిజిక్స్ లేకుండా స్టాటిక్స్ తీసుకోనివ్వరు. అందులో ఒక్కటి వెనకబడితే రెండేళ్ల చదువు మూడేళ్లవుతుంది. సీట్ల గొడవ కూడా ఉంటుంది. ఫిజిక్స్ 4ఏ మొదటి రోజు నేను వెయిట్‌లిస్ట్‌లో ఉన్నాను, కుర్చీలు నిండిపోయి గోడ వెంబడి నిలబడ్డాం. ప్రొఫెసర్ హాజరు పిలుస్తూ రానివాళ్ల పేర్లు కొట్టేసి, వెయిట్‌లిస్ట్‌లో వరసగా ఒక్కొక్కరికీ చిన్న కాగితం మీద యాడ్ కోడ్ (క్లాసులో చేరడానికి వాడే నంబరు) రాసిచ్చాడు. ఆ రోజు రానివాళ్లకి సీటు పోయింది. మొదటి క్లాసు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని మీవాడికి చెప్పండి.

చదువు నాణ్యత గురించి భయం అక్కర్లేదు. నాకు ల్యాబ్‌లో పార్ట్‌నర్‌గా సైన్యంలో చేసి వచ్చినాయన దొరికాడు, ముప్పై దాటిన మనిషి, రాత్రంతా పనిచేసి పొద్దున్నే వచ్చి ఒక్క రీడింగ్ తేడా వచ్చినా మళ్లీ తీద్దాం అనేవాడు. శ్రద్ధగా చదవడం ఆయన్ని చూసి నేర్చుకున్నాను. క్లాసులో ముప్పై నలభై మందే ఉంటాం కాబట్టి ప్రొఫెసర్‌కి మన పేరు తెలుస్తుంది, ఆఫీస్ అవర్స్‌లో ఖాళీగా దొరుకుతారు. కష్టమల్లా స్నేహితుల విషయంలోనే. క్లాసవగానే అందరూ పార్కింగ్ వైపో, 23 నంబర్ బస్సు వైపో వెళ్లిపోతారు. హాస్టల్ జీవితం ఉండదు. యూనివర్సిటీకి మారిన మొదటి క్వార్టర్లోనే కెరీర్ ఫెయిర్లు మొదలవుతాయి, దారులు కూడా తెలియకముందే రెజ్యూమే పట్టుకుని లైన్లో నిలబడాలి. అందుకని రెండో ఏడాదిలోనే క్లబ్బులో చేరి ఏదో ఒక ప్రాజెక్ట్ చేసి ఉంచుకోమనండి.

మీ వీసా ఏమిటో రాయలేదు. మీవాడు హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. హెచ్4 పిల్లలకి ఏడాదికి పైగా ఇక్కడ ఉంటే మామూలుగా రెసిడెంట్ ఫీజే పడుతుంది, కానీ 21 నిండితే హెచ్4 ఉండదు. మీవాడికి అది సరిగ్గా యూనివర్సిటీకి మారాక వస్తుంది. ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారితే ఫీజు లెక్క మారిపోవచ్చు. నాన్‌రెసిడెంట్ ఫీజు మీద పడితే ఇక్కడ మిగుల్చుకున్నదంతా అక్కడ పోతుంది. అబ్బాయికి 21 ఎప్పుడు నిండుతుందో చూసుకుని, ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తోనూ, వెళ్లాలనుకునే యూనివర్సిటీలో రెసిడెన్సీ చూసేవాళ్లతోనూ ఇప్పుడే మాట్లాడండి.

చుట్టాల మాటకొస్తే, మా అమ్మానాన్నలకీ మొదటి ఏడాది ఫోన్లు వచ్చాయి, డేవిస్‌లో సీటొచ్చాక ఎవరూ మళ్లీ ఎత్తలేదు. నాకు వాళ్లకన్నా మీవాడి గురించే దిగులుగా ఉంది. స్నేహితులంతా ఆగస్టులో సూట్‌కేసులు సర్దుకుని వెళ్తుంటే ఇంట్లో ఉండటం పద్దెనిమిదేళ్ల పిల్లాడికి తేలిక కాదు. ఆ ప్రైవేటు సీటు మీద వాడు ఆశ పెట్టుకున్నాడా, లోన్ ఎంతో వాడికి తెలుసా, ముందు అది కూర్చోబెట్టి అడగండి. లెక్కలన్నీ వాడి ముందు పెట్టి, అసిస్ట్ పేజీ వాడి చేతే తీయించండి. వాడు ఒప్పుకుంటే డీ ఆంజా, ఫుట్‌హిల్ రెండు క్యాంపస్‌లూ ఈ వారంలోనే వెళ్లి చూసి, ఇంజనీరింగ్ పిల్లల్ని చూసే కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఏ యూసీలు అనుకుంటున్నారో రాస్తే మొదటి క్వార్టర్‌కి ఏ కోర్సులు తీసుకోవాలో నేను చూసి చెబుతాను.