తపాలా బిళ్ళను చదవడం గురించి మనవరాలికి

నల్లగొండ.

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

దసరా సెలవుల్లో వచ్చినప్పుడు నా రేకు పెట్టెను నీతో పాటు మహబూబ్‌నగర్ తీసుకుపోయావు. అందులోని బిళ్ళలూ నువ్వు కూడబెట్టినవీ కలిపి ఆరు వందలు దాటాయని, వాటిని వేయి చేయడానికి దారి చెప్పమని మీ అమ్మతో ఫోనులో అడిగించావు. అది ఫోనులో తేలే మాట కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. వేయి సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టు బిడ్డా. బిళ్ళల పొట్లాలు కొంటే లెక్క ఒక్క పూటలో పెరుగుతుంది. కాని ఎక్కడిదో, మీద ఏమి రాసి ఉందో తెలియని బిళ్ళ ఎంత అందంగా ఉన్నా రంగు కాగితమే. వారానికి ఒక్కటి తీసుకో. అది ఏ దేశానిదో, ఆ దేశం వాళ్ళు ఆ బొమ్మనే ఎందుకు వేసుకున్నారో తెలిసేదాకా దాన్ని వదలకు.

ముందుగా పేరు చదువు. నేను ఏడో తరగతిలో ఉండగా ‘మాగ్యార్ పోస్టా’ అని ఉన్న బిళ్ళ ఒకటి దొరికితే, బడిలోని గోడ పటం ముందు నిలబడి మాగ్యార్ అనే దేశం కోసం రెండు నెలలు వెతికాను. హంగరీ వాళ్ళు తమను తాము అలా పిలుచుకుంటారని మా భూగోళం సారు చెప్పిన రోజున, మనం పెట్టిన పేరు ఒకటి, వాళ్ళు ఇంట్లో పిలుచుకునే పేరు ఒకటి ఉంటుందని నాకు మొదటిసారి తెలిసింది. ఫిన్లాండు బిళ్ళ మీద ‘సువోమి’ అని, గ్రీసు బిళ్ళ మీద ‘హెల్లాస్’ అని ఉండేది ఇందుకే. స్విట్జర్లాండులో జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, రొమాన్ష్ అని నాలుగు భాషలున్నాయి; ఏ ఒక్కదానికీ పెద్దపీట వేయకుండా వాళ్ళు ‘హెల్వేషియా’ అనే లాటిన్ పేరు వేసుకుంటారు. ఏ పేరూ లేకుండా రాణి తలో రాజు తలో మాత్రమే ఉంటే అది బ్రిటన్‌ది. 1840 మే నెలలో లోకంలోనే మొదటిగా అంటించే తపాలా బిళ్ళను తెచ్చినవాళ్ళు గనుక, అప్పటికి పేరు చెప్పుకోవలసిన అవసరం వాళ్ళకు రాలేదు; ఆ పద్ధతే నేటికీ సాగుతోంది.

దూరదేశాలంటే ఇప్పుడు పటంలో ఉన్నవే కావు. తూర్పు జర్మనీ 1990లో, చెకొస్లొవాకియా 1992 చివరలో లేకుండా పోయాయి. వాటి బిళ్ళలు మాత్రం నీ పెట్టెలో ఉన్నాయి. అడుగున నీలం కవరులో ఉన్నవి నిజాం కాలపువి, 1931లో మొదలైన వరుసలోనివి. అణా బిళ్ళ మీద చార్మినార్, ఎనిమిదణాల దాని మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల దాని మీద బీదరు మదరసా, రూపాయి బిళ్ళ మీద దౌలతాబాదు మినారు ఉంటాయి. అజంతా, దౌలతాబాదు నేడు మహారాష్ట్రలో, బీదరు కర్ణాటకలో ఉన్నాయి. మీ ముత్తాత ఏ రాజ్యంలో పుట్టాడో ఆ నాలుగు బిళ్ళలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

కవరు మీది బిళ్ళను గోరుతో పీకవద్దు. చుట్టూ కాస్త కాగితం ఉంచి కత్తిరించి, పళ్ళెంలో చల్లని నీళ్ళు పోసి పావుగంట నానబెడితే అదే జారి వస్తుంది. బొమ్మ కిందికి ఉండేటట్లు తెల్ల కాగితం మీద ఆరబెట్టి, ఆ తర్వాత బరువైన పుస్తకం కింద పెట్టు. ఈ మధ్య వచ్చే స్టిక్కరు బిళ్ళలు చాలావరకు నీళ్ళకు ఊడవు; వాటిని కాగితంతోనే ఉంచు. ఆల్బంలో దేనినీ జిగురుతో అంటించకు.

కాని కార్డు మీది బిళ్ళను ఎన్నడూ కత్తిరించకు. ఇది నేను చేసి బాధపడ్డ పని. మా వీధిలోని ఒకాయన కువైట్‌కు పనికి పోయి వాళ్ళమ్మకు బొమ్మ కార్డు పంపితే, ఆమెకు చదివి వినిపించింది నేనే. బిళ్ళల మీద నాకున్న మోజు చూసి కొన్నాళ్ళకు ఆ కార్డును నాకే ఇచ్చింది. నేను ఇంటికి రాగానే మూల కత్తిరించి బిళ్ళ తీసుకున్నాను. బొమ్మ వైపు రేవులో నిలిచిన చెక్క పడవ ముందు భాగం తెగిపోయింది. తపాలా ముద్రలో తేదీ ఉన్న సగభాగం, బిళ్ళను ఆరబెట్టేటప్పుడు చెరిగిపోయింది. ‘ఇక్కడ ఎండ మన ఎండ వంటిది కాదమ్మా’ అని అతడు ఏ నెలలో రాశాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మూల తెగిన ఆ కార్డు పెట్టెలోనే ఉంది, చూడు. కార్డుకు బొమ్మ, రాత, బిళ్ళ, ముద్ర నాలుగూ కలిసి ఉంటేనే విలువ.

కార్డులు రావాలంటే నువ్వూ పంపాలి. తెలియని దేశాలవాళ్ళతో కార్డులు మార్చుకునే పోస్ట్‌క్రాసింగ్ అనే ఏర్పాటు 2005లో పోర్చుగల్‌లో మొదలైంది. అమ్మానాన్నల అనుమతితో, వాళ్ళ చేతుల మీదుగానే అందులో చేరు. రాసేటప్పుడు క్షేమసమాచారాలతో కార్డంతా నింపకు. మీ ఊరి పిల్లలమర్రి చెట్టు దగ్గరికి పోయి, దాని ఊడల్లో ఒకటి నేలను తాకి మాను అయిన చోట నిలబడి, నీ కంటికి కనబడినది నాలుగు వాక్యాల్లో రాయి. అటువైపు వాళ్ళ ఊళ్ళో అందరికంటే ముసలి చెట్టు ఏదని అడుగు. అలా అడిగితేనే వాళ్ళూ తమ ఊరి సంగతి రాస్తారు.

నీలం కవరులోని నాలుగణాల బిళ్ళ సంగతి నేను కావాలనే చెప్పలేదు. దాని మీద ఉన్న నీళ్ళు ఎక్కడివో, ఆ కట్టను ఎందుకు కట్టారో కనుక్కొని యాభై పైసల కార్డు మీద నాకు రాయి. ఫోనులో చెప్పకు.

ఆశీస్సులతో,
తాత