ఎర బకెట్ ఎక్కడ కట్టాలి?

ప్రశ్న: మాది కవిటి మండలం. తిత్లీ తుపాను తర్వాత వేసిన కొబ్బరి మొక్కల్లో కొత్త మట్టలు కత్తెరతో కత్తిరించినట్టు విచ్చుకుంటున్నాయి. కొమ్ము పురుగు ఎర బకెట్ తెచ్చి ఓ మొక్కకే కట్టాను. పురుగులు పడుతున్నాయి గానీ చుట్టూ ఉన్న మొవ్వులే ఎక్కువ పాడవుతున్నాయి. ఎందుకండీ?

జవాబు: పురుగుని మీరే పిలిచి మొక్క మీద కూర్చోబెట్టారు నాయనా! ఆ ఎర మగ పురుగు విడిచే వాసనకి నకలు. ఆడవీ మగవీ రెండూ వస్తాయి. వచ్చినవన్నీ బకెట్లో పడవు, లేత మొవ్వు కనబడితే అక్కడే దిగిపోతాయి. బకెట్ తీసి, మొక్కలకు దూరంగా గట్టు మీద గుంజకి కట్టండి. హెక్టారుకి ఒకటి చాలు. పక్క తోటల వాళ్లూ పెడితే మరీ మంచిది.

అసలు పుట్టిల్లు మీ గెత్తం (పశువుల పేడ ఎరువు) కుప్పే. 2018లో తిత్లీకి కూలి పుచ్చిన మానులు ఇంకా ఉంటే అవీనూ. కుప్ప తిరగెయ్యండి, ముడుచుకుని పడుకున్న తెల్లటి లావు పురుగులు కనిపిస్తాయి. ఏరెయ్యండి, కుప్పలో ఆ పురుగుల్ని చంపే మెటారైజియం శిలీంధ్రం కలపండి.

పెద్ద చెట్ల మానుకి కన్నాలు పడి గోధుమరంగు రసం కారుతోందా? అది ఎర్రముక్కు పురుగు. దాని ఎర వేరు, ఈ బకెట్ దానికి పనికిరాదు.